మౌనాన్ని కొరతగా రాసే పరిశోధనలు

విశ్వవిద్యాలయాల్లో మన గురించి జరిగే పరిశోధనల తీరు మారింది. ఒకప్పుడు మన పెళ్లిళ్లు, పండుగలు, దేవతలు, చావు ఆచారాలు రాసుకుపోయేవారు. ఇప్పుడు జర్నలిజం, విద్యాశాస్త్రం, సామాజిక సేవ, మేనేజ్‌మెంట్ విభాగాల విద్యార్థులు కూడా వస్తున్నారు. వాళ్ల సిద్ధాంత వ్యాసాల శీర్షికల్లో మూడు మాటలు తరచుగా కనిపిస్తాయి: కమ్యూనికేషన్, సంస్కృతి, సమ్మిళితత్వం. గూడెంలో, ఆశ్రమ పాఠశాలలో, ఐటీడీఏ ఆఫీసులో, మన పిల్లలు ఉద్యోగాలు చేసే నగరపు కంపెనీలో ఎవరు ఎవరితో ఎలా మాట్లాడుతున్నారు, ఎవరు బయట మిగిలిపోతున్నారు అన్నది వీటి విషయం. అవసరమైన విషయమే. అందుకే ఈ రకం రచనను సాహిత్య విమర్శకులు వదిలేసినా మనం వదలకూడదు. రేపు పథకాలు రాసేవాళ్లు, టీచర్లకు శిక్షణ ఇచ్చేవాళ్లు చదివేది మన కథల్ని, కవితల్ని కాదు, వీటినే.

నేను చదివిన వాటిలో చాలావాటి చివరి అధ్యాయం ఒకేలా ఉంటుంది. ఆదివాసుల్లో బిడియం ఎక్కువ, భావ వ్యక్తీకరణ తక్కువ, అధికారులతో మాట్లాడటానికి ముందుకు రారు, కాబట్టి అవగాహన సదస్సులు పెట్టాలి. మాట అనేది ఇద్దరి మధ్య జరిగేది కదా. కోయ మాత్రమే వచ్చిన తల్లికీ తెలుగు మాత్రమే వచ్చిన టీచరుకీ మధ్య మాట సాగకపోతే కొరత ఇద్దరిలోనూ ఉండాలి. కానీ సిద్ధాంత వ్యాసంలో కొరత తల్లి పేరు మీదే నమోదవుతుంది. టీచరుకు ఎన్ని కోయ మాటలు వచ్చో లెక్క పెట్టిన పట్టిక నాకు ఇంతవరకు ఎదురుపడలేదు.

లోపం పరిశోధకుడి మనసులోనే ఉందని నేను అనను. చాలామంది మంచి ఉద్దేశంతోనే వస్తారు. లోపం పనిముట్టులో ఉంది. 1932లో రెన్సిస్ లైకర్ట్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త తయారుచేసిన కొలబద్ద ఒకటుంది: పూర్తిగా అంగీకరిస్తాను, అంగీకరిస్తాను, చెప్పలేను, అంగీకరించను, అస్సలు అంగీకరించను. ఈ అయిదు గళ్లే మన గూడేలకు కూడా వస్తాయి. "ఆఫీసు సిబ్బంది ప్రవర్తన పట్ల నేను సంతృప్తిగా ఉన్నాను" అన్న వాక్యాన్ని గోండిలోకో కువిలోకో మార్చి, అయిదింట్లో ఒకటి చెప్పమంటే పెద్దాయన ఏం చెబుతాడు? నిన్న పని చేసిపెట్టిన గుమాస్తా గురించా, మొన్న తిప్పిపంపిన గుమాస్తా గురించా అని ఆలోచిస్తాడు. పక్కన కూర్చున్న అన్న ముందు చెప్పాలి కదా అని ఆగుతాడు. మన కూటాల్లో ఆగడం మర్యాద. పెద్దలు మాట్లాడేదాకా చిన్నవాళ్లు ఆగుతారు. ఒప్పుకోనివాడు కూడా ఒక్కోసారి మాట్లాడకుండానే తన మాట తెలియజేస్తాడు. ఆ ఆగడమంతా పట్టికలో 'చెప్పలేను' గడిలో పడి, తర్వాత అధ్యాయంలో 'అవగాహన లేమి' అయి బయటికి వస్తుంది.

ఆ వాక్యాన్ని గోండిలోకి మార్చింది ఎవరు? చాలాసార్లు డిగ్రీ చదువుతున్న మన కుర్రాడో, అంగన్‌వాడీ కార్యకర్తో. పరిశోధనంతా నిలబడేది ఆ మనిషి నాలుక మీద. 'సంతృప్తి'కి ఏ మాట వాడింది, తాత ఇచ్చిన పదిహేను నిమిషాల జవాబులో ఏ ముక్కను తెలుగులో చెప్పింది, ఏది సార్‌కి చెప్పకపోతేనే మంచిదని మింగేసింది, ఇవన్నీ తెలిసింది ఆమె ఒక్కతెకే. కమ్యూనికేషన్ మీద పరిశోధన చేస్తూ, కళ్లెదుట జరుగుతున్న అతి కష్టమైన కమ్యూనికేషన్‌ను పరిశోధకుడు చూడడు. కృతజ్ఞతల పేజీలో ఆమె 'స్థానికుల సహకారం' అవుతుంది. ఆ అంగన్‌వాడీ చెల్లెలి అరగంట పని మీద ఒక అధ్యాయం రాస్తే, మిగతా అయిదు అధ్యాయాల కంటే ఎక్కువ తెలుస్తుందని నా నమ్మకం.

సిద్ధాంత భాగం తీరూ ఇంతే. సంస్కృతి అనగానే మేనేజ్‌మెంట్ విద్యార్థులు గేర్ట్ హాఫ్‌స్టెడ్ పేరు రాస్తారు. ఐబీఎం కంపెనీ ఉద్యోగులకు వివిధ దేశాల్లో ఇచ్చిన లక్షకు పైగా ప్రశ్నావళుల ఆధారంగా ఆయన 1980లో పుస్తకం వేశాడు. ఒక్కో దేశానికి కొన్ని అంకెలు ఇచ్చాడు. పై అధికారికి ఎంత ఒదిగి ఉంటారన్న కొలతలో భారతదేశానికి వచ్చింది 77. ఒక కంపెనీ జీతగాళ్ల జవాబులు దేశమంతటి సంస్కృతి ఎలా అవుతాయని బ్రెండన్ మెక్‌స్వీనీ వంటి విమర్శకులు అక్కడే అడిగారు. మనం ఇంకొకటి అడగాలి. 1970 ప్రాంతంలో ఐబీఎం ఆఫీసులో కూర్చున్న భారతీయుడి జవాబు పాడేరు కొండమీది కొండదొరకు ఎలా వర్తిస్తుంది? అయినా ఆ 77 మన మీద రాసే వ్యాసాల్లోకి వచ్చి చేరుతుంది. 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా లేచి, ఆదివాసులకు మీరు ప్రజాస్వామ్యం నేర్పనక్కరలేదు, మీరే వాళ్ల దగ్గర నేర్చుకోవాలి అన్న అర్థంలో మాట్లాడాడు. ఆ ప్రసంగం ఈ వ్యాసాల్లో అరుదు.

ఇంకో రకం పరిశోధన లేకపోలేదు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరలకు బడి పెట్టాలనుకున్నప్పుడు ముందు తానే సవర నేర్చుకున్నాడు. సవర మన గోండి, కోయలాగా ద్రావిడ భాష కూడా కాదు, ముండా కుటుంబానిది. అంటే తెలుగువాడికి ఎక్కడా పట్టు దొరకని భాష. ఏళ్ల తరబడి కష్టపడి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశాడు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతారు. ఆ వేదికల మీద వ్యావహారిక తెలుగు గురించి గంట మాట్లాడి, సవర గురించి ఒక్క వాక్యంతో సరిపెడతారు. మాట్లాడే భాషే బడి భాష కావాలన్న వాదం ఆయనకు తెలుగు విషయంలో ఒకటి, సవర విషయంలో ఒకటి కాదు.

హైమెండార్ఫ్ సంగతి కొంచెం చిక్కు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్ చనిపోయాక, నిజాం ప్రభుత్వం గోండుల అసంతృప్తి కారణాలు తెలుసుకోవాలనుకుంది. ఆ పని మీద వచ్చినవాడాయన. మార్లవాయిలో ఉండి గోండి నేర్చుకున్నాడు, గోండు యువకుల్ని టీచర్లుగా తయారుచేసే కేంద్రం అక్కడ పెట్టించాడు. ప్రభుత్వం మనిషి కాబట్టి ఆయన రాతల్ని అనుమానంతో చదవాల్సిందే. గోండుల గొంతు అక్కడ ఆయన ఇంగ్లీషులోంచే వినిపిస్తుంది. కానీ ఆయన పటేల్, పట్వారీ, అటవీ సిబ్బంది, షావుకారు ఏం చేస్తున్నారో కూడా రాశాడు. నేటి ప్రశ్నావళి పరిశోధనల్లో లోపించింది సరిగ్గా అదే.

పనిచోట్ల మీద పరిశోధనలకు వస్తే, ఐటీ కంపెనీల్లో, బ్యాంకుల్లో చేరిన మన యువతకు 'సాఫ్ట్ స్కిల్స్' శిక్షణ కావాలని సిఫారసు చేస్తారు. ఇంగ్లీషు తడబాటును కొలుస్తారు. 'కోటాలో వచ్చావా' అని భోజనాల బల్ల దగ్గర అడిగిన సహోద్యోగికి ఏ స్కిల్ కావాలో రాయరు.

బడికి వద్దాం. 'స్థానిక భాష వచ్చిన టీచర్లను నియమించాలి' అన్న సిఫారసు చాలా వ్యాసాల చివర ఉంటుంది, ఎన్నడూ జరగని పని అన్నట్టుగా. 2000 జనవరిలో వచ్చిన మూడో నంబరు జీవో షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. 2004 ప్రాంతంలో గోండి, కోయ, కొలామి, సవర, కువి తదితర ఎనిమిది భాషల్లో మొదటి తరగతుల పుస్తకాలు తయారయ్యాయి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం నూటికి నూరు శాతం రిజర్వేషను చెల్లదని ఆ జీవోను కొట్టేసింది. అంటే ఇరవై ఏళ్లపాటు ఒక పెద్ద ప్రయోగం మన బడుల్లో జరిగింది. పిల్లవాడి భాష వచ్చిన టీచరు ఉన్న బడిలో, రాని బడిలో ఆ పిల్లవాడు ఎంత మాట్లాడాడు, ఎన్నో తరగతిలో మానేశాడు? సమ్మిళితత్వం మీద డాక్టరేట్ చేసేవారికి దీనికి మించిన విషయం ఏముంది? జీవో పోయి పోస్టులు పోతున్న రోజుల్లో ఆ లెక్కలు మన చేతిలో ఉండాల్సింది.

ఇప్పుడు మన పిల్లలే పరిశోధకులవుతున్నారు. సంతోషం. కానీ వాళ్లూ అదే ప్రశ్నావళి పట్టుకుని సొంత ఊరికి వస్తున్నారు. గైడ్ ఒప్పుకోడు, అయిదు అధ్యాయాల మూస మారదు అంటారు. ఆ ఇబ్బంది నిజమే. అయినా మూసలోపలే చేయగలిగినవి కొన్నున్నాయి. తెలుగులో 'మేము' వేరు, 'మనం' వేరు. ఎదుటివాడిని బయట పెడితే మేము, కలుపుకుంటే మనం. సమ్మిళితత్వానికి ఇంతకంటే సులువైన కొలత నాకు తెలియదు. స్టాఫ్ మీటింగులో, గ్రామసభలో, సమీక్షలో కూర్చుని అధికారి ఎప్పుడు 'మనం' అన్నాడో, ఎప్పుడు 'మీవాళ్లు' అన్నాడో రాసుకోండి. శ్రమదానం గురించి చెప్పేటప్పుడు 'మనం', ఖర్చుల లెక్క అడిగినప్పుడు 'మీవాళ్లు' వస్తుందేమో చూడండి. తల్లికి ఇచ్చిన ప్రశ్నావళే టీచరుకూ ఇవ్వండి. దుబాసీ పేరు ఆమె అనుమతితో లోపలి పేజీలోనే వేయండి. వైవాకు ముందు ఒకసారి గూడెం కూటంలో కూర్చుని, మీరేం రాశారో గోండిలోనో కోయలోనో చెప్పండి. అక్కడ పెద్దలు తప్పని చెప్పిన వాక్యాలను చివర ఒక అనుబంధంగా చేర్చండి. దానికి విశ్వవిద్యాలయం అభ్యంతరం చెబితే, ఆ అభ్యంతరాన్నీ అందులోనే రాయండి.