గరిక మీద గాలం

ఆదివారం పొద్దున తార్నాక వైపు నుంచి ఉస్మానియా క్యాంపస్‌లోకి నడిస్తే కనబడని వ్యాయామం ఉండదు. ఒకే మైదానంలో నాలుగు క్రికెట్ మ్యాచ్‌లు ఒకదాని మీద ఒకటి పడి నడుస్తుంటాయి. చెట్ల కింద యోగా చేసేవాళ్లు, గ్రూప్స్ పుస్తకాలు ముందేసుకున్నవాళ్లు, చేతులు ఊపుకుంటూ వేగంగా నడిచే రిటైర్డ్ ఉద్యోగులు. ఇంత సందడిలో నీటిచుక్క లేని పచ్చికలో ఎవరైనా తొమ్మిదడుగుల సన్నటి రాడ్ పట్టుకుని గాలం విసురుతూ నిలబడితే జనం ఒకసారి చూసి తమ దారిన తాము పోతారు. నడిచే పెద్దాయన ఒకాయన మాత్రం ఆగి అడిగి తీరతాడు: "ఏం సార్, ఏమన్న పడ్డయా?"

పడవు. పడకూడదనే ఈ ఆట. ఫ్లై ఫిషింగ్‌లో చేపని, నీటిని, చివరికి కొక్కేన్ని కూడా తీసేస్తే మిగిలేది విసురు ఒక్కటే. ఆ విసురులో ఎవరి చెయ్యి ఎంత తిరిగిందో చూసుకోవడానికి క్లబ్బు సభ్యులు సరదాగా పెట్టుకునే పోటీకి నది అక్కర్లేదు. ఒక ఫుట్‌బాల్ గ్రౌండ్ చాలు. చేపలు పట్టే పోటీ కంటే ఈ చేపల్లేని పోటీయే నిజాయితీ అయిందని నా అభిప్రాయం. ఎందుకో చెప్పేముందు, అసలు ఆ విసురులో అంత విశేషమేముందో చూడాలి.

మన చెరువు గట్ల మీద గాలం వేసే తీరు అందరికీ తెలిసిందే. దారం చివర ఎర, దాని పైన సీసపు గుండు, ఇంకాస్త పైన బెండు. విసిరితే ఆ బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఇది తలకిందులు. చివర ఉండేది చిన్న కొక్కేనికి ఈకలు, దారాలు చుట్టి చేసిన ఉత్తుత్తి పురుగు. అదే ఫ్లై. దానికి బరువనేదే లేదు, ఊదితే ఎగిరిపోతుంది. అందుకని బరువంతా లైన్‌లోనే పెడతారు. ఎక్కువమంది వాడే అయిదో నంబరు లైన్‌లో మొదటి 30 అడుగుల బరువు 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు. ఆ 9 గ్రాముల్ని గాల్లో వెనక్కి చాచి, ముందుకి తెచ్చి, చివరనున్న ఈకని అనుకున్న చోట చప్పుడు కాకుండా దించాలి. విద్య అంతా ఇదే.

పాత విద్యే. క్రీస్తుశకం రెండో శతాబ్దం చివర్లో పుట్టిన రోమన్ రచయిత ఏలియన్, మాసిడోనియాలో జాలర్లు కొక్కేనికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడి ఈకలు రెండు కట్టి చేపల్ని మోసం చేసేవాళ్లని రాశాడు. వాళ్ల కర్ర ఆరడుగులు, దారం ఆరడుగులు. అంత చిన్న దారానికి పెద్ద నేర్పు అక్కర్లేదు. దారం పొడుగయ్యే కొద్దీ చెయ్యి లెక్క నేర్చుకోవలసి వచ్చింది.

లెక్క ఇలా నడుస్తుంది. రాడ్‌ని వెనక్కి మొదట మెల్లగా, పోనుపోను వేగంగా లాగి టక్కున ఆపాలి. ఆపగానే వంగిన రాడ్ నిటారవుతుంది. లైన్ రాడ్ కొనని దాటి వెళ్తూ గాల్లో పక్కకి పడుకోబెట్టిన 'యు' అక్షరంలా తిరుగుతుంది. దాన్నే లూప్ అంటారు. లూప్ పూర్తిగా విప్పుకుని లైన్ వెనకాల తిన్నగా చాచుకునేదాకా ఆగి, అప్పుడు ముందుకి తోసి మళ్లీ టక్కున ఆపాలి. రాడ్ కొన గడియారంలో పది దగ్గర మొదలై ఒంటిగంటా రెండింటి మధ్య ఆగాలన్నది పాఠం చెప్పేవాళ్ల వాడుక. ఇది మొదటి వారానికి పనికొస్తుంది. లైన్ పొడుగైతే ఆ గీతలు వాటంతటవే చెరిగిపోతాయి, చెయ్యి ఇంకా వెనక్కి పోవాల్సిందే.

కష్టమంతా ఆ ఆగడంలో ఉంది. బోనాల్లో పోతరాజు కొరడా ఝళిపించినప్పుడు వినబడే చప్పుడు ఎలా పుడుతుంది? మెలిక కొరడా పొడుగునా పరుగెత్తి, సన్నబడే కొద్దీ వేగం పుంజుకుని, కొస దగ్గర ధ్వని వేగాన్ని మించుతుంది. ఫ్లై లైన్‌లోనూ పరుగెత్తేది అలాంటి మెలికే. అయితే పోతరాజుకి చప్పుడు కావాలి, మనకి చప్పుడు రాకూడదు. వెనకాల లైన్ చాచుకోకముందే తొందరపడి ముందుకి లాగితే 'ఛట్'మంటుంది. నది దగ్గరైతే ఆ చప్పుడుతోనే ఫ్లై తెగి వెనక పొదల్లో పడి ఉంటుంది, మనిషి మాత్రం అరగంట సేపు ఉత్త దారం విసురుతూ ఉంటాడు. 20 అడుగుల లైన్‌కి ఎంతసేపు ఆగాలో 40 అడుగులకి అంతకంటే ఎక్కువసేపు ఆగాలి. ఎంతన్నది చేతికి తెలియాలి. తెలిసేదాకా మెడ తిప్పి వెనక్కి చూసుకోవడమే మార్గం, అందులో నామోషీ ఏమీ లేదు.

రెండో జబ్బు బలప్రయోగం. మెల్లగా మొదలుపెట్టకుండా ఒక్కసారిగా గుంజితే రాడ్ కొన తిన్నని దారి వదిలి మధ్యలో కిందికి దిగి పైకి లేస్తుంది. లూప్ పై భాగం కింది భాగం మీద పడి చుట్టుకుంటుంది. దాంతో లీడర్‌లో, అంటే లైన్ చివర కట్టే సన్నటి నైలాన్ దారంలో, చిన్న ముడి పడుతుంది. ముడిని చూపిస్తే ఎవరూ ఒప్పుకోరు. గాలి ఎక్కువగా ఉందంటారు, రాడ్ మంచిది కాదంటారు. ఆడలేక మద్దెల ఓడు.

ఈ తప్పులన్నిటినీ నీటి కంటే గరిక బాగా పట్టిస్తుంది. నది మీద పడ్డ లైన్‌ని ప్రవాహం లాగేస్తుంది, ఏం చేశామో చూసుకునే లోపే ఆకారం పోతుంది. గడ్డి మీద అలా కాదు. రాడ్‌ని పక్కకి వంచి నేలకి సమాంతరంగా విసిరి, ఆపి, లైన్‌ని పడనివ్వండి. నారింజ రంగు లైన్ పచ్చిక మీద గీసిన గీతలా పడి ఉంటుంది. తిన్నగా ఉంటే విసురు బాగున్నట్టు. పాములా మెలికలు తిరిగితే రాడ్‌ని గట్టిగా ఆపలేదన్నమాట. కొస ఒక పక్కకి కొక్కెంలా వంగితే మణికట్టు చివర్లో మెలి తిరిగిందన్నమాట. నలుగురూ చుట్టూ నిలబడి ఆ గీత చదవొచ్చు, వాదించుకోవచ్చు. ఒక్క రోల్ కాస్ట్ మాత్రం పోటీలో పెట్టొద్దు. లైన్‌ని వెనక్కి చాచకుండా ముందుకి దొర్లించే ఆ పద్ధతికి నీటి పట్టు కావాలి. గడ్డి మీద లైన్ జారిపోతుంది, ఎంత చెయ్యి తిరిగినవాడైనా అక్కడ నవ్వులపాలవుతాడు.

విసురుని చేప నుంచి విడదీసి పోటీ పెట్టుకోవడం కొత్తేమీ కాదు. 1893లో షికాగో విశ్వప్రదర్శనకి అనుబంధంగా అక్కడి ఫ్లై కాస్టింగ్ క్లబ్బు పోటీలు నిర్వహించింది. అదే ఏడాది ఫిబ్రవరి 13న సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో ప్రసంగించిన వివేకానందుడు, సెప్టెంబరులో ఆ ప్రదర్శన సందర్భంగా జరిగిన సర్వమత మహాసభలో నిలబడ్డాడు. ఒకే సంతలో ఎన్ని రకాల నేర్పులు పోటీకొచ్చాయో! శాన్ ఫ్రాన్సిస్కోలో కాస్టింగ్ క్లబ్బు 1894లో మొదలైంది. ఆ నగరంలోని గోల్డెన్ గేట్ పార్కులో 1938లో విసురు సాధన కోసమే కొలనులు కట్టారు. వాటిలో చేపల్లేవు, అయినా ఇప్పటికీ జనం వచ్చి విసురుతూనే ఉంటారు. బే ఏరియాలో మనవాళ్లకి కొదవ లేదు కాబట్టి ఈ వ్యాసం చదివి ఎవరైనా ఒక ఆదివారం అటు వెళ్లి చూస్తే బాగుంటుంది.

ఈ ఆట చరిత్రలో నాకు బాగా నచ్చిన మనిషి జోన్ సాల్వాటో. తర్వాత జోన్ వుల్ఫ్‌గా పేరుపొందింది. వృత్తికి డాన్స్ టీచరు. దూరం విసిరే జాతీయ పోటీలో 1951లో అందరూ మగవాళ్లే ఉన్న బరిలో గెలిచింది. 1960లో 161 అడుగులు విసిరింది. జిమ్ములో కండలు పెంచిన కుర్రాళ్లు మొదటి రోజు రాడ్ పట్టుకుని ఎందుకు తేలిపోతారో ఆమె చెప్పకనే చెప్పింది. భుజబలం కంటే అడుగు మీద అడుగు పడే లయజ్ఞానం ఇక్కడ ఎక్కువ పనికొస్తుంది.

మనదేశం సంగతి వేరు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సలివన్ థామస్ 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా', 1887లో 'ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా' రాశాడు. రెండోది మన దక్షిణాది చెరువుల గాలం గురించే అనుకోవచ్చు. ట్రౌట్ చేపల్ని మాత్రం తెల్లవాళ్లు తెచ్చి కశ్మీర్‌లో, నీలగిరుల్లో, మున్నార్ కొండల్లో చల్లటి నీళ్లు చూసి వదిలారు. దక్కన్‌లో ఆ చలి లేదు. గండిపేట ఉంది, హిమాయత్‌సాగర్ ఉంది, చెరువుల్లో మన కొర్రమీను ఉంది. అయితే చాలా చెరువుల్లో చేపల మీద హక్కు మత్స్య సహకార సంఘాలది. వాళ్ల బతుకుదెరువు మీదికి సరదా కోసం గాలం పట్టుకుపోవడం పద్ధతి కాదు. కాబట్టి హైదరాబాదులో ఈ పిచ్చి పట్టినవాడు ఏడాదికోసారి హిమాలయాలకో మున్నార్‌కో వెళ్తాడు, మిగతా కాలమంతా చెయ్యి తుప్పు పడుతుంది. ఆ తుప్పు వదిలించేదే గరిక మీది పోటీ.

ఇక పోటీ ఎలా పెట్టాలి? అంతర్జాతీయ చేపల పోటీల్లో ఎవరికి నదిలో ఏ ముక్క దక్కుతుందో లాటరీ తీస్తారు. ఒకరికి చేపలున్న మడుగు దొరుకుతుంది, ఇంకొకరికి మోకాలి లోతు నీళ్లు. అదృష్టానికి అంత చోటు గడ్డి మీద లేదు. అమెరికన్ కాస్టింగ్ పోటీల్లో గురి పెట్టే రింగుల వ్యాసం 30 అంగుళాలు. పిల్లలు తిప్పే హులాహూప్‌లు దాదాపు ఆ సైజే. అయిదు తెచ్చి 20 నుంచి 45 అడుగుల మధ్య వేర్వేరు దూరాల్లో, ఒకే వరుసలో కాకుండా చెదరగొట్టి పరచాలి. వందతో మొదలుపెట్టి, రింగులో పడితే కోత లేకుండా, బయట పడితే రింగు నుంచి అడుగుకో మార్కు చొప్పున కోసుకుంటూ పోవాలి. అడుగులో ముక్కైనా అడుగే. ఒక్కో రింగుకి పది కంటే ఎక్కువ కొయ్యకుండా ఉంటే కొత్తవాళ్లు మొదటి రౌండ్‌లోనే రాడ్ కింద పెట్టి వెళ్లిపోరు.

కొక్కేనికి బదులు లీడర్ చివర ఎర్రటి ఊలు కుచ్చు కట్టాలి. దీనిలో బేరాల్లేవు. రాడ్ అందరికీ ఒకటే ఉండాలన్నది నా పట్టుదల. ఒకరి చేతిలో విదేశం నుంచి తెచ్చిన ఖరీదైన రాడ్, ఇంకొకరి చేతిలో సెకండ్‌హ్యాండ్‌ది ఉంటే అది పర్సుల పోటీ అవుతుంది. లైన్ కూడా పాతది వాడండి, మట్టికి, ఇసుకకి దాని పూత గీసుకుపోతుంది. సిమెంటు మీద అసలు వద్దు.

తీర్పు ఎవరు చెప్పాలి అన్నదాంట్లోనే స్నేహాలు తేలతాయి. కుచ్చు రింగు అంచు మీద పడి, సగం లోపల సగం బయట ఉన్నప్పుడు చూడాలి తమాషా. నలుగురు వంగి చూస్తారు, ఒకరు ఫోన్ తీసి ఫొటో కొడతారు, ఇంకొకరు గాలికి కదిలిందంటారు. అందుకే ముందే అనుకోవాలి: అంచు తగిలితే లోపలే. విసిరినవాడి తర్వాత విసరాల్సిన మనిషే రింగు దగ్గర నిలబడి కొలవాలి. తన వంతులో తననీ ఎవరో ఒకరు కొలుస్తారని తెలుసు కనుక ఎవరూ మరీ పిసినారితనం చెయ్యరు. అనుభవం ఉన్నవాళ్లకి దూరపు రింగులు, కొత్తవాళ్లకి దగ్గరివి పెడితే పోరు రసవత్తరంగా ఉంటుంది. ఒక రౌండ్ ఎడమ చేత్తో వేయించండి. ఏళ్ల తరబడి కొమ్ములు తిరిగినవాళ్లు ఆ ఒక్క రౌండ్‌లో పసిపిల్లలవుతారు. నిన్న చేరిన కుర్రాడికి వాళ్ల మీద మార్కులు దక్కేది అక్కడే. చెట్టుకొమ్మ కింది నుంచి విసిరినట్టు, రెండు కర్రల మధ్య మూడడుగుల ఎత్తున తాడు కట్టి దాని కింద నుంచి ఇరుకు లూప్ పంపించమనడం ఇంకో పరీక్ష.

జాగ్రత్తల్లో మొట్టమొదటిది కరెంటు తీగలు. రాడ్ కార్బన్‌ది, కరెంటు పాకుతుంది. తీగల దరిదాపుల్లో కూడా నిలబడొద్దు. ముందు ఎంత జాగా కావాలో వెనకా అంతే కావాలి, నడిచేవాళ్లు వెనక నుంచే వస్తారు కాబట్టి ఒక మనిషిని అటువైపు కాపలా పెట్టాలి. టోపీ, కళ్లద్దాలు తప్పనిసరి. కుడిచేతివాటం వాళ్లకి కుడివైపు నుంచి గాలి వీస్తుంటే లైన్ మొహం మీదికే వస్తుంది, అప్పుడు రింగుల్ని ఇటు నుంచి అటు తిప్పి పెట్టుకోవాలి. జూన్ నుంచి ఆగస్టుదాకా పడమటి గాలి జోరుగా ఉంటుంది కాబట్టి దసరా దాటాక పెట్టుకోవడం మేలు. క్యాంపస్‌లో అయితే యూనివర్సిటీ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. క్రికెట్ కుర్రాళ్లతో మాత్రం నోటి మాట చాలు, ఒక మూల వదలమంటే వదులుతారు. బంతి మన వైపొస్తే మర్యాదగా తిరిగి విసిరేయాలి.

నగదు బహుమతి పెట్టొద్దు. డబ్బొస్తే అంచు తగాదాలు నవ్వుతో పోవు. గెలిచినవాళ్లు తార్నాకలో అందరికీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఇప్పించాలని పెట్టుకుంటే ఓడినవాళ్లకీ గెలిచినవాళ్ల మీద ప్రేమ ఉంటుంది. శాకాహారులు కూడా నిశ్చింతగా చేరొచ్చు, ఇందులో ఏ ప్రాణికీ ముల్లు గుచ్చుకోదు.

లేచే ముందు తెగిన నైలాన్ ముక్కలన్నీ ఏరాలి. అవి పిట్టల కాళ్లకి చుట్టుకుంటే ఊడవు. ముడులు కోసి పారేసిన చోట వంగి వెతికితేగానీ అవి కనబడవు, కాబట్టి ముడి కోసినప్పుడే జేబులో వేసుకోవడం అలవాటు చేసుకోండి. లైన్‌ని తడిగుడ్డతో తుడిచి చుట్టాలి. తర్వాతి పోటీ తేదీ చాయ్ తాగుతుండగానే తేల్చుకోవాలి. ఫోన్లలో అనుకుందామంటే మళ్లీ వానాకాలం వచ్చేస్తుంది.