సేవ, కొలువు, చాకిరీ: ఆసుపత్రి శ్రమను చెప్పే తెలుగు మాటలు

ఉపోద్ఘాతం

2020 మే 3న వాయుసేన హెలికాప్టరు సికింద్రాబాదులోని గాంధీ ఆసుపత్రి మీద పూలు కురిపించింది. కోవిడ్ రోగులకు చికిత్స చేస్తున్న సిబ్బందికి దేశం తరఫున తెలిపిన కృతజ్ఞత అది. అదే ఏడాది జూలైలో అదే ఆసుపత్రిలోని పొరుగు సేవల నర్సులు ఉద్యోగ భద్రత కోసం, వేతనాల పెంపు కోసం విధులు బహిష్కరించారు. మొదటి ఘటనను వర్ణించడానికి తెలుగులో మాటలకు కొదవ లేకపోయింది: సేవామూర్తులు, దేవతలు, తల్లులు. రెండవ ఘటనకు దొరికినవి కార్యాలయ పరిభాషలోని మాటలు: ఒప్పందం, పొరుగు సేవలు, క్రమబద్ధీకరణ. ఒకే మనిషిని గురించిన ఈ రెండు పరిభాషలకూ ఉమ్మడిగా ఉన్న మాట 'సేవ'. ప్రశంసలోనూ ఒప్పందపత్రంలోనూ ఈ మాట శ్రమకూ వేతనానికీ ఉన్న సంబంధాన్ని మరుగుపరుస్తున్నదని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

'సేవ' అర్థపరిధి

పరుల కోసం చేసే పనిని చెప్పడానికి తెలుగులో ఎన్నో మాటలున్నాయి. 'కొలువు'లో సభాగౌరవమూ జీతమూ రెండూ ధ్వనిస్తాయి. నేటి పత్రికలు ప్రభుత్వోద్యోగాన్ని 'కొలువు' అని వ్యవహరించడం అందుకు తగినట్లే ఉంది. 'ఊడిగం'లో దాస్యం, 'వెట్టి'లో కూలి లేనితనం, 'చాకిరీ'లో అలసట స్పష్టంగా వినిపిస్తాయి. ఈ మాటల్లో దేనిని ఎంచుకున్నా, వక్త పనికీ ప్రతిఫలానికీ ఉన్న సంబంధం మీద ఏదో ఒక తీర్పు చెప్పినట్లే అవుతుంది. 'సేవ' ఆ తీర్పును దాటవేస్తుంది.

దేవాలయ వ్యవహారంలో సేవ చేసే భక్తుడు ప్రతిఫలం ఆశించడు. ఆర్జిత సేవలలోనైతే తానే రుసుము చెల్లిస్తాడు. ఆ సంస్కారంతో కూడిన మాట జీతం మీద బతికే వృత్తికి అంటుకున్నప్పుడు, జీతం అడగడమే అపచారంగా తోస్తుంది. సమ్మెకు దిగిన నర్సులు 'రోగులను గాలికి వదిలేశారు' అన్న నిందకు ఇంత బలం రావడానికి కారణం ఇదే.

'పొరుగు సేవలు' అనే అనువాద పదం ఇంకా ఆసక్తికరం. వార్డులో రాత్రంతా రోగి మంచం పక్కన నిలబడే మనిషి కాగితం మీద 'పొరుగు' మనిషి. ఆమెకు పని చెప్పేది ఆసుపత్రి, జీతం ఇచ్చేది ఏజెన్సీ. జీతం ఆలస్యమైతే ఎవరిని అడగాలన్న ప్రశ్నకు ఆ పదంలోనే జవాబు లేకుండా పోయింది. 'సేవ' ఆమెను పైకెత్తగా 'పొరుగు' ఆమెను బయట నిలబెట్టింది.

సంబోధనలదీ ఇదే తీరు. 'సిస్టర్' అన్న పిలుపులో బంధుత్వం ఉంది, హోదా లేదు. యాభై ఏళ్ల మనిషి కూడా 'వార్డు బాయ్'గానే ఉండిపోతాడు. కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రులలో 'స్టాఫ్ నర్సు' హోదాను 2016లో 'నర్సింగ్ ఆఫీసర్'గా మార్చారు. పేరు మారినంత మాత్రాన పనిభారం తగ్గదు. అయినా హోదా పేరు కోసం వృత్తివారు పట్టుబట్టవలసి రావడం, పరిభాష కూడా పని పరిస్థితులలో భాగమేనని తెలియజేస్తుంది.

సామెత చెప్పే న్యాయం

'మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలి' అన్న సామెతను మనం ఏ వృత్తికైనా అన్వయిస్తాం. దాని అసలు సందర్భాన్ని గుర్తు చేసుకుంటే, షరతుల ప్రస్తావన లేని ఒప్పందం ఒకటి అందులో కనిపిస్తుంది. పురుడు పోసే స్త్రీ ఒకసారి సరేనన్నాక ఆమెకు మరి మాట్లాడే హక్కు లేదు. ఆధునిక ఆసుపత్రి ఈ న్యాయాన్ని చాలావరకు నిలుపుకుంది. పన్నెండు గంటల షిఫ్టులు, బాండు పేరుతో అట్టిపెట్టుకునే ధ్రువపత్రాలు, ఒకరే చూడవలసి వచ్చే లెక్కకు మించిన మంచాలు: ఇవన్నీ 'ఒప్పుకున్నాక' అన్న ఒక్క మాట మీద నిలిచినవే.

దీనికి ఎదురుగా చట్టభాష ఒకటి ఉంది. భారతీయ నర్సింగ్ మండలి ప్రమాణాల ప్రకారం బోధనాసుపత్రులలో ముగ్గురు రోగులకు ఒక నర్సు, సాధారణ ఆసుపత్రులలో అయిదుగురికి ఒక నర్సు ఉండాలి. సుప్రీంకోర్టు 2016 జనవరి 29న ఇచ్చిన ఆదేశం మేరకు ఏర్పడిన నిపుణుల సంఘం ప్రైవేటు నర్సుల వేతనాలకు పడకల సంఖ్యను ప్రాతిపదికగా తీసుకుంది. 200 పడకలు మించిన చోట ప్రభుత్వ నర్సులతో సమాన వేతనం ఇవ్వాలని, 100 దాటిన చోట ఆ వేతనంలో 10 శాతానికి, 50 నుంచి 100 వరకు ఉన్న చోట 25 శాతానికి మించి తగ్గించరాదని, 50 లోపు పడకలున్న చోట సైతం రూ. 20,000కు తగ్గరాదని సిఫార్సు చేసింది. ఈ వాక్యాలలో దేవతలు లేరు, తల్లులు లేరు. పడకలూ రూపాయలూ ఉన్నాయి. నర్సు తొలిసారిగా కొలవదగిన పని చేసే వ్యక్తిగా కనిపించేది ఇక్కడే. అమలు మాత్రం రాష్ట్రాల చేతిలో ఉంది. కేరళ నర్సులు సుదీర్ఘమైన ఆందోళనల తర్వాత 2018లో కనీస వేతన ప్రకటన సాధించుకున్నారు. వారికి ఆధారమైనది కనీస వేతనాల చట్టం. సేవను కొనియాడే భాషతో ఆ చట్టానికి పని లేదు.

ఆశ కార్యకర్తల విషయం మరీ స్పష్టం. 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌లో వారు స్వచ్ఛంద కార్యకర్తలు. వారికి అందేది 'పారితోషికం'. సంతోషించి ఇచ్చేది పారితోషికం, పనికి చెల్లించవలసినది వేతనం. ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరమే వారి పోరాటాలన్నిటికీ మూలం.

సాహిత్యం చూసిన మేర

తెలుగు సాహిత్యంలో వైద్యుడికి అంతరంగం దొరికింది. వైద్యురాలైన పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు'లో వైద్యవిద్యార్థి ప్రకాశం బలహీనతలను నిశితంగా చిత్రించారు. కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' ఆధారంగా 1964లో వచ్చిన 'డాక్టర్ చక్రవర్తి' చిత్రంలో వైద్యుడే నాయకుడు. నర్సు మాత్రం సాధారణంగా తలుపు తెరిచి వార్త చెప్పి వెళ్లిపోయే పాత్ర. ఆమె జీతం కథావస్తువు కావడం అరుదు.

శ్రమను కీర్తించిన అభ్యుదయ కవిత్వం కూడా ఈ లోటును పూర్తిగా తీర్చలేదు. శ్రీశ్రీ 'ప్రతిజ్ఞ' కర్షకుడినీ కార్మికుడినీ చేతివృత్తులవారినీ కవితలోకి తెచ్చింది. అక్కడ శ్రమకు గుర్తు తయారైన వస్తువు: పంట, కుండ, బట్ట. ఆసుపత్రి శ్రమకు అటువంటి గుర్తు లేదు. పుండు మానడం, జ్వరం దిగడం, రోగి ఇంటికి వెళ్లిపోవడమే దాని ఫలం. విమల 'వంటిల్లు' వంటి కవితలతో స్త్రీవాదం ఇంటిచాకిరీని శ్రమగా గుర్తింపజేసింది. ఆ చూపును ఇంటి గడప దాటించి వార్డులోకి తీసుకువెళ్లవలసిన బాధ్యత విమర్శకు మిగిలే ఉంది.

ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పాలి. చాలామంది నర్సులు తమ పనిని తామే గర్వంగా 'సేవ' అంటారు కదా అని అడగవచ్చు. నిజమే. రోగి పట్ల శ్రద్ధను చెప్పడానికి అంతకంటే తగిన మాట వారికి దొరకకపోవచ్చు. తన పనికి తాను పెట్టుకున్న విలువను ఆమె ఆ మాటతో చెబుతుంది. అదే మాటను యాజమాన్యం వాడినప్పుడు ఆ విలువ జీతంలో కోతకు సమర్థనగా మారుతుంది. కనుక మాటను నిషేధించనక్కరలేదు. ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అంటున్నారో పరిశీలిస్తే చాలు.

ముగింపు

'సేవ' ఆసుపత్రి సిబ్బందికి గౌరవాన్ని మాటలో ఇచ్చి, ప్రతిఫలాన్ని చర్చలోకి రానివ్వడం లేదు. 'పొరుగు సేవలు', 'పారితోషికం' వంటి మాటలు ఆ పనినే పాలనాభాషలో కొనసాగిస్తున్నాయి. శ్రమసాహిత్యం అన్నప్పుడు పొలాన్నీ కార్ఖానానూ తలచుకునే మన విమర్శ, రాత్రి షిఫ్టులోని వార్డును కూడా ఆ వరుసలో చేర్చుకోవాలి. ఆ గది నుంచి వచ్చే కథలనూ కవితలనూ కారుణ్య సాహిత్యంగా కాక శ్రామిక సాహిత్యంగా చదవడం అందుకు మొదటి మెట్టు. నర్సు పని కూడా కొలువే. కొలువుకు జీతం ఉంటుంది, వేళలు ఉంటాయి, కాదనే హక్కు ఉంటుంది.