తివాచీలో ఊరు: టెర్రీ ప్రాచెట్ మొదటి నవల గురించి మన బడిలో విన్న మాటలు

మీ ఇంట్లో పదేళ్ళు దాటిన పిల్లలుంటే వాళ్ళ పుస్తకాల అరలో టెర్రీ ప్రాచెట్ పేరు మీరు చూసే ఉంటారు. డిస్క్‌వరల్డ్ వరసలో 41 నవలలు రాసిన మనిషి ఆయన. ఇక్కడ బ్రిటన్‌లో ఆయన పుస్తకాలు లేని లైబ్రరీ దాదాపు ఉండదు. కానీ ఆయన మొట్టమొదటి నవల 'ది కార్పెట్ పీపుల్' చదివారా అని అడగండి, చాలామంది లేదనే అంటారు. పోయిన టర్మ్‌లో మన పెద్ద తరగతి పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు కలిసి చదివింది ఆ పుస్తకమే.

తెలుగు బడిలో ఇంగ్లీషు పుస్తకమేమిటని ఒక నాన్నగారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మన పిల్లలు ఒక పుస్తకం గురించి ఇంగ్లీషులో పావుగంట వాదిస్తారు. అదే తెలుగులో అడిగితే "బాగుంది" అని ఊరుకుంటారు. అభిప్రాయం లేక కాదు, చెప్పడానికి మాటలు అందక. అందుకని చదవడం వాళ్ళకి తేలికైన భాషలో ఉంచి, మాట్లాడ్డం మాత్రం తెలుగులో పెట్టాం.

కథ ఏమిటంటే

నేల మీద పరిచిన తివాచీయే ఒక లోకం. దాని పోగులే మహావృక్షాలు. వాటి మధ్య కంటికి ఆనని మనుషులు ఊళ్ళు కట్టుకుని బతుకుతుంటారు. ఎప్పుడో కిందపడిన అగ్గిపుల్ల వాళ్ళకి కలప, ఒక పెన్నీ నాణెం రాగి గని, కుర్చీ కాలు గీకితే వచ్చేది వార్నిష్. మన్‌రంగ్ అనే చిన్న తెగలో నాయకుడు గ్లర్క్, అతని తమ్ముడు స్నిబ్రిల్. ఒకరోజు 'ఫ్రే' అనే ఉపద్రవం వచ్చి వాళ్ళ ఊరిని తుడిచిపెట్టేస్తుంది. దాని వెనకాలే మౌల్స్ అనే శత్రువులు దిగుతారు. ఇల్లూ వాకిలీ పోయిన తెగ దారి పట్టడం, డ్యూమీల సామ్రాజ్యం దాకా పోవడం, చివరికి యుద్ధం, ఇదీ కథ.

ఫ్రే అంటే అసలేమిటో రచయిత ఎక్కడా విప్పి చెప్పడు. చీపురా, వాక్యూమ్ క్లీనరా, ఎవరి అడుగులా? మా తరగతిలో దీని మీద పెద్ద గొడవే జరిగింది, అదీ తెలుగులో!

పుస్తకం పుట్టుక కూడా చెప్పుకోవాలి. ప్రాచెట్ 1948లో పుట్టాడు. 17 ఏళ్ళకి బడి మానేసి 'బక్స్ ఫ్రీ ప్రెస్' అనే పత్రికలో చేరాడు. అక్కడ పిల్లల శీర్షికకి కథలు రాసేవాడు, ఈ తివాచీ మనుషులు మొదట కనిపించింది అక్కడే. 1971లో అది నవలగా వచ్చింది. బొమ్మలు కూడా ఆయనే వేసుకున్నాడు. తర్వాత చాలా ఏళ్ళు అది దొరకనే లేదు. 1983లో డిస్క్‌వరల్డ్ మొదలై పేరొచ్చాక, ఆ పాత పుస్తకం ఏదీ అని పాఠకులు అడగడం మొదలుపెట్టారు. ఆయన దాన్ని తీసి మళ్ళీ చదువుకుని, చాలావరకు తిరగరాసి 1992లో వేయించాడు. మేం చదివింది ఈ తిరగరాసిన పుస్తకం.

ఎవరేమన్నారు

తెలుగులో రెండు సామెతలున్నాయి. ఒకటి "పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది". రెండోది "ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి". మా చర్చంతా ఈ రెండింటి మధ్యే తిరిగింది.

డిస్క్‌వరల్డ్ ముందే చదివిన అమ్మానాన్నలది ఎక్కువగా రెండో పక్షం. హాస్యం పలచగా ఉందన్నారు. పేర్లు మరీ ఎక్కువ, మన్‌రంగ్‌లు, డ్యూమీలు, డెఫ్ట్‌మీన్లు, వైట్‌లు, ఎవరు ఎవరో గుర్తుండేలోపు ఇంకో తెగ వచ్చిపడుతుందన్నారు. ఒకావిడ "నడుమ చప్పగా ఉందండీ" అన్నారు. పిల్లలు ఆ 'చప్పగా' అన్న మాటని వెంటనే పట్టేసుకున్నారు. కూరకే కాదు, కథకి కూడా ఆ మాట వాడొచ్చని వాళ్ళకి అప్పుడే తెలిసింది.

ముందు ఏమీ చదవని పిల్లలకి మాత్రం పుస్తకం తెగ నచ్చింది. నాణెం గని అయిపోవడం, అగ్గిపుల్ల అడవి కావడం, ఈ ఊహ చాలు వాళ్ళకి. పన్నెండేళ్ళ అమ్మాయి ఒకతె మాత్రం "ఇందులో ఆడవాళ్ళు ఇంత తక్కువ మంది ఎందుకున్నారు?" అని అడిగింది. ఎవరి దగ్గరా జవాబు లేదు.

నా మాట చెప్పాలంటే, ఆ అమ్మాయి తప్పు పట్టింది సరైన చోటే. నడుమ చప్పదనం కూడా నిజమే. ఒక ఆపద నుంచి బయటపడటం, ఇంకో ఆపదలో పడటం, ఇలా కథ పరిగెడుతుందే గానీ లోతుకి దిగదు. స్నిబ్రిల్ మంచివాడు, కానీ మంచివాడని తప్ప అతని గురించి మనకి పెద్దగా ఏం గుర్తుండదు. ముసలి పిస్మైర్ నయం. దేన్నీ ఊరికే నమ్మడు, అన్నిటికీ ఎందుకని అడుగుతాడు. తర్వాతి నవలల్లో కనిపించే ప్రాచెట్ గొంతు ఈ ముసలాయనలో వినిపిస్తుంది.

అయినా ఈ పుస్తకం మీరు చదవాలంటాను. వైట్‌లనే తెగ ఉంది చూడండి, వాళ్ళకి జరిగిపోయిందే కాదు, జరగబోయేది కూడా జ్ఞాపకమే. ముందే జ్ఞాపకమున్న కథని ఎవరైనా మార్చగలరా అన్నది చివరికొచ్చేసరికి పుస్తకంలో అసలు ప్రశ్న అవుతుంది. యుద్ధంలో ఎవరు గెలుస్తారన్నది దాని ముందు చిన్నదైపోతుంది. ఇంకోటి, డ్యూమీలు జనాన్ని లెక్కపెడతారు, పన్నులు వేస్తారు, రోడ్లు వేస్తారు. వాళ్ళని పూర్తిగా మంచివాళ్ళనీ అనలేం, చెడ్డవాళ్ళనీ అనలేం. పిల్లల పుస్తకంలో ఇంత తూకం అరుదు.

ఒక పుస్తకం, ఇద్దరు రచయితలు

1992 ముందుమాటలో ప్రాచెట్ ఒక సంగతి చెప్తాడు. ఈ పుస్తకానికి రచయితలు ఇద్దరు, ఇద్దరూ తనేనట. పదిహేడేళ్ళ కుర్రాడొకడు, నలభై మూడేళ్ళ పెద్దమనిషి ఒకడు. అద్భుత కథంటే యుద్ధాలూ రాజులూ అని ఆ కుర్రాడు అనుకున్నాడు. యుద్ధాలు లేకుండా, రాజులు లేకుండా ఎలా గడుపుకోవాలన్నదే అసలు విషయమని పెద్దాయనకి తోచింది.

అలాగే వదిలేయాల్సింది, కుర్రతనపు రాతకి ఒక అందం ఉంటుందని మా చర్చలో కొందరన్నారు. నేను ఒప్పుకోను. పాతదాన్ని చూసి సిగ్గుపడి దాచెయ్యలేదు ఆయన. ఆ కుర్రాడి ఊహని ఊహగానే ఉంచి, తనకొచ్చిన పనితనం దానికి జోడించాడు. ఆ కుర్రాడి పేరు కూడా చెరపలేదు.

ఇది నాకు తగిలిన చోటు ఒకటుంది, చెప్పేస్తాను. రెండేళ్ళ కింద నా తరగతిలో తొమ్మిదేళ్ళ పాప ఒక కథ రాసింది. సోఫా కింద చీమల బడి, ఎనిమిది వాక్యాలు. నేను ఎర్ర పెన్ను తీసి ఒత్తులు, దీర్ఘాలు, 'ల'కీ 'ళ'కీ తేడా అన్నీ దిద్దాను. పేజీ మీద పాప రాత కంటే నా రాతే ఎక్కువైంది. చీమలకి పాఠం ఎవరు చెప్తారని ఒక్క మాట అడగలేదు. తర్వాతి వారం నుంచి "నాకు తెలుగులో రాయడం రాదు మిస్" అనడం మొదలుపెట్టింది. ఇప్పటికీ అంటుంది. ప్రాచెట్ ముందుమాట చదువుతుంటే నాకు ఆ పేజీయే కళ్ళ ముందు కదిలింది. నేను దిద్దాను గానీ, ఆ పాపని రచయితగా ఉండనివ్వలేదు.

మీరు మీ తరగతిలో ఇలా చేసి చూడండి

ఒక పుస్తకం ఎంచుకోండి, ఏ భాషలోదైనా సరే. పిల్లలు మాట్లాడే ముందు పది మాటలు బోర్డు మీద రాయండి. చప్పగా ఉంది, పట్టు ఉంది, సాగదీశాడు, తేలిపోయింది, అతకలేదు, మనసుకి పట్టింది, ముగింపు హడావిడిగా ఉంది, ఇలాంటివి. ప్రతి అభిప్రాయానికీ "ఎందుకు?" అని ఒక్కసారి అడగండి, రెండోసారి అడక్కండి. పెద్దవాళ్ళ అభిప్రాయం ఆఖర్న వినిపించండి. లేకపోతే పిల్లలు మీ మాటే తిప్పి చెప్తారు.

రాతపని ఇచ్చినప్పుడు మొదటి కాగితం మీద గుర్తులు పెట్టకండి. దానికి నకలు తీసి, నకలు మీద దిద్దండి, అది కూడా ఈసారి ఏదో ఒక్క రకం తప్పు. ముందుగా కథ గురించి ఒక ప్రశ్న అడగండి, తర్వాతే ఒత్తుల సంగతి.

అమ్మానాన్నలకి ఒక్క మనవి. మీ పిల్లల మొదటి తెలుగు రాతలు తేదీ వేసి దాచండి, తప్పులతో సహా. నాలుగేళ్ళ తర్వాత అదే కథ మళ్ళీ రాయమని ఇవ్వండి. నేను ఈ టర్మ్‌లో ఆ పాప దగ్గరికి వెళ్ళి, చీమల బడి కాగితం ఇంకా ఉందా అని అడగబోతున్నాను. ఉంటే, ఈసారి నా పెన్ను సంచిలోనే ఉంటుంది.