జముకుల కథ – పాన్సోరి: సంప్రదాయ రూపంలో ఆధునిక వ్యక్తీకరణ

సంప్రదాయ కళారూపంలోకి సమకాలీన వస్తువును తీసుకురావడాన్ని విమర్శ తరచుగా ప్రచార వ్యూహంగానే పరిగణిస్తుంది. రూపం జనానికి పరిచితం కనుక విషయం సులువుగా చేరుతుందన్నది ఆ వాదన సారాంశం. ఉద్దానంలో సుబ్బారావు పాణిగ్రాహి చేపట్టిన జముకుల కథను, దక్షిణ కొరియా కవి కిమ్ జీ హా స్వీకరించిన పాన్సోరి శైలిని పక్కపక్కన నిలిపి పరిశీలిస్తే ఈ వాదన అసంపూర్ణమని తెలుస్తుంది.

జముకు ఒకవైపు చర్మం బిగించిన తీగవాద్యం. తీగ బిగువును సడలిస్తూ, పెంచుతూ మీటడం వల్ల దాని ధ్వని మాటకు దగ్గరగా వినిపిస్తుంది. ఉత్తరాంధ్రలో ఈ వాద్యంతో చెప్పే కథల్లో ఎల్లమ్మ కథ ముఖ్యమైనది. భర్త ఆజ్ఞతో, కన్నకొడుకు చేతిలో శిరస్సు కోల్పోయిన రేణుక దేవతగా నిలవడం ఆ కథకు కేంద్రం. అన్యాయపు వధ, శోకం, ఆపై ఆరాధన అనే క్రమం ఈ రూపంతో ముడిపడి ఉంది.

1967 అక్టోబరు 31న లేవిడి వద్ద కోరన్న, మంగన్న అనే గిరిజనులు కాల్పుల్లో మరణించారు. ఆ తరువాత ఉద్ధృతమైన శ్రీకాకుళ పోరాటాన్ని, బొడ్డపాడు ఆలయంలో అర్చకుడిగా పనిచేసిన పాణిగ్రాహి జముకుల కథగా మలిచాడు. 1969 డిసెంబరులో ఆయన కూడా తుపాకీ గుండ్లకు బలయ్యాడు. నౌపడ ఉప్పుమడుల నుండి మహేంద్రగిరి పాదాల వరకు విస్తరించిన ఈ నేలపై ఎల్లమ్మ కోసం దుఃఖించడం నేర్పిన రూపమే, నేలకొరిగిన గిరిజనుల కోసం దుఃఖించడానికీ ఆధారమైంది. కనుక ఇక్కడ రూపం వస్తువును మోసే వాహనం మాత్రమే కాదు, దానికి అర్థాన్ని సమకూర్చిన శక్తి.

పాణిగ్రాహి మరణించిన కొన్ని నెలలకే, 1970లో, కిమ్ జీ హా 'ఐదుగురు దొంగలు' ప్రచురించి నిర్బంధానికి గురయ్యాడు. పాన్సోరిలో గాయకుడు ఒక్కడే కథ నడుపుతాడు. మద్దెలగాడు లయతో పాటు మెచ్చుకోలు కేకలతో అతనికి ఊపునిస్తాడు. అధికారిని ఎగతాళి చేసే చమత్కారం పాన్సోరికి సహజం. కిమ్ ఆ హాస్యాన్నే కోటీశ్వరులు, పార్లమెంటు సభ్యులు, ఉన్నతాధికారులు, సైన్యాధిపతులు, మంత్రులపై ఎక్కుపెట్టాడు.

ఈ రెండింటి మధ్య భేదం గమనార్హం. పాన్సోరి శైలి నవ్వుతో శత్రువును చిన్నబుచ్చితే, జముకుల కథ శోకంతో మృతుణ్ణి ఉన్నతుణ్ణి చేస్తుంది. రెండవ మార్గంలో ఒక ప్రమాదం పొంచి ఉంది. అమరుడు దేవతాస్థానానికి చేరిన క్షణాన పోరాటంలోని తప్పొప్పులను ప్రశ్నించడం కష్టమవుతుంది. ఆరాధనకు అలవాటుపడిన రూపం విమర్శకు అంత సులువుగా లొంగదు. విప్లవ జానపద కళపై వచ్చే పరిశీలనలు ఈ పరిమితిని కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంది.

మరొక అంశం పాఠానికి సంబంధించినది. అచ్చులో మిగిలేది సాహిత్యం మాత్రమే. వంతపాట, తీగ బిగువు, శ్రోతల స్పందన, ఉత్తరాంధ్ర మాండలికపు సాగుడు పుటపైకి రావు. ముద్రిత పాఠాన్నే ప్రమాణంగా తీసుకుని పాణిగ్రాహి రచనను 'నినాదప్రాయం' అని తీర్పు చెప్పడం, స్వరం లేని పాన్సోరిని తూచడం వంటిదే. ప్రదర్శనను పాఠంలో భాగంగా స్వీకరించినప్పుడే ఈ కళలోని ఆధునికత ఎక్కడ ఉందో నిర్ధారించడం సాధ్యమవుతుంది.