సగం చదివిన వ్యాసం: సోల్జెనిత్సిన్, క్రెమ్లిన్

సోల్జెనిత్సిన్ పేరెత్తితే మన సాహిత్య సభల్లో రెండే మాటలు వింటుంటాను. సోషలిజానికి ద్రోహం చేసినవాడని ఒకరు, స్వేచ్ఛాప్రపంచపు ప్రవక్త అని మరొకరు. ఇద్దరూ 1974 దగ్గరే, ఆయన్ను దేశం నుంచి వెళ్లగొట్టిన ఏడాది దగ్గరే ఆగిపోతారు. 1990 తర్వాత ఆయన ఏం రాశాడు, రష్యా పాలకులు దాన్నెలా వాడుకున్నారు అన్నది చర్చకే రాదు. విమర్శకు అసలు పని అక్కడే ఉందని నా అభిప్రాయం.

1994 మే నెలలో ఆయన స్వదేశానికి తిరిగివచ్చాడు. నేరుగా మాస్కోకు పోలేదు. తూర్పు కొసన మగదాన్‌లో దిగి, వ్లాదివొస్తోక్ నుంచి రైల్లో ఊరూరా ఆగుతూ దాదాపు రెండు నెలలకు రాజధాని చేరాడు. 1992 జనవరిలో ధరలపై అదుపు ఎత్తివేయడంతో జీవితకాలపు పొదుపు బుగ్గయిపోయిన జనాన్ని దారిపొడవునా చూశాడు. ఆ అక్టోబరులో పార్లమెంటు దిగువ సభకు వెళ్లి, ఇది ప్రజాస్వామ్యం కాదు, గుప్పెడుమంది పాలన అని మొహంమీదే చెప్పాడు.

ఆ గుప్పెడుమందికి నాయకుడైన యెల్త్సిన్ అప్పుడు పశ్చిమ దేశాలకు ముద్దుబిడ్డ. 1993లో తన పార్లమెంటు మీదే టాంకులతో కాల్పులు జరిపించినా వాషింగ్టన్ ఆయన పక్షమే వహించింది. 1996 ఎన్నికల ముందు అంతర్జాతీయ ద్రవ్యనిధి సుమారు 1,000 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. రెండేళ్లకే, 1998 ఆగస్టులో, రష్యా అప్పులు కట్టలేనని చేతులెత్తేసింది. ఆ డిసెంబరులో యెల్త్సిన్ ప్రకటించిన అత్యున్నత పురస్కారాన్ని సోల్జెనిత్సిన్ తిరస్కరించాడు. దేశాన్ని ఈ స్థితికి తెచ్చిన అధికారం చేతినుంచి తీసుకోలేనన్నాడు. పశ్చిమ దేశాలు మోసిన రచయిత, పశ్చిమ దేశాలు మోసిన నాయకుణ్ణి కాదన్నాడన్నమాట. 1978లో హార్వర్డ్ ప్రసంగాన్ని శ్రద్ధగా విన్నవాళ్లకిది ఆశ్చర్యం కలిగించదు.

అదే మనిషి 2007లో పుతిన్ ప్రభుత్వం ఇచ్చిన రాజ్య పురస్కారం స్వీకరించాడు. గూఢచారి శాఖలో పనిచేసిన నాయకుడు శిబిరాల చరిత్రకారుడి ఇంటికి వెళ్లాడు. "చూశారా, అసలు రంగు బయటపడింది" అనడం తేలిక. కాని నాకు పురస్కారం కన్నా రచన ముఖ్యం.

రష్యాను ఎలా చక్కదిద్దుకోవాలన్న ఆయన వ్యాసం 1990 సెప్టెంబరులో రెండు సోవియట్ పత్రికల్లో రెండు కోట్లకు పైగా ప్రతుల్లో అచ్చయింది. అందులో రెండు స్వరాలున్నాయి. బాల్టిక్, కాకసస్, మధ్య ఆసియా రిపబ్లిక్కులను వదిలేద్దాం, సామ్రాజ్యం మనకు బరువు అంటాడు. ఉక్రెయిన్, బెలారస్ మాత్రం మనతోనే ఉండాలి, మనమంతా ఒకే మూలంనుంచి వచ్చామంటాడు. అక్కడ నాకు మహా రష్యా అహంకారం స్పష్టంగా వినిపిస్తుంది. అయితే వెంటనే మరో మాట ఉంది: ఉక్రెయిన్ ప్రజలు నిజంగా విడిపోదలిస్తే వాళ్లను బలవంతాన నిలిపే హక్కు ఎవరికీ లేదు. అధికారం కిందినుంచి, స్థానిక స్వపరిపాలన నుంచి పెరగాలన్న వాదన కూడా అదే వ్యాసంలో ఉంది.

మా బడిలో పిల్లలు గైడులో తమకు కావలసిన పేరా మాత్రమే గీత గీసుకుంటారు. క్రెమ్లిన్ చేసిందీ అదే. 2004లో గవర్నర్ల ప్రత్యక్ష ఎన్నికలు రద్దు చేసింది; 2012లో తిరిగి తెచ్చినా అభ్యర్థులను వడపోసే ఏర్పాటు చేసుకుంది. 2021 జూలైలో రష్యన్లూ ఉక్రేనియన్లూ ఒకే ప్రజ అని పుతిన్ సొంత పేరుతో వ్యాసం ప్రకటించాడు. 2022 ఫిబ్రవరి 24న సైన్యం సరిహద్దు దాటింది. బలవంతం కూడదన్న పేరా ఎటుపోయింది?

నాటో విస్తరణ లేదా అంటే ఉంది. 1999లో యుగోస్లావియా మీద బాంబులు కురవడం, నాటో తూర్పుకు జరగడం సోల్జెనిత్సిన్ కూడా తీవ్రంగా ఖండించాడు, నేనూ సమర్థించను. కాని వాషింగ్టన్ తప్పు లెక్కగట్టి ఉక్రెయిన్ ఇళ్లమీద బాంబులను మాఫీ చేసే మన మిత్రుల తర్కం నాకు మింగుడుపడదు. సామ్రాజ్యవాదానికి ఒకే చిరునామా ఉంటుందా?

రచయితనూ పూర్తిగా వదలలేం. పాలకుడు గీత గీసుకున్న పేరా ఎవరో చేర్చింది కాదు, ఆయన రాసిందే. 2008లో కన్నుమూసేవరకు ఆ భావాన్ని వదులుకోలేదు. 2018 డిసెంబరులో, శతజయంతికి, మాస్కోలో ఆయన విగ్రహాన్ని పుతిన్ ఆవిష్కరించాడు. మూడేళ్లకు, 2021 డిసెంబరులో, ఆ శిబిరాల మృతుల పేర్లు సేకరించే 'మెమోరియల్' సంస్థను మూసివేయమని రష్యా సుప్రీంకోర్టు ఆదేశించింది.

మన అనువాదకులెవరైనా 1990 నాటి వ్యాసానికి పూనుకుంటే, ఉక్రెయిన్ గురించిన ఆ పేజీలను సంక్షిప్తం చేయకుండా, ఉన్నదున్నట్టు ఇమ్మని నా మనవి.