లేసు సూదీ, పసిపిల్ల టోపీ: మరియా మీస్‌ని మళ్ళీ చదువుతూ

మా అక్క మొదటి కాన్పుకి రాజోలు వచ్చింది. మే నెల. కొబ్బరాకు కదలని ఉక్క. పసిదానికి నలుగు పెట్టి స్నానం చేయించి, సాంబ్రాణి పొగ పట్టి, చెవుల్లో దూది పెట్టి, అమ్మ దాని తలకి టోపీ తొడిగింది. "ఈ ఎండల్లో టోపీ ఏంటమ్మా!" అంటే, "మాడింకా పూడలేదే, గాలి తగలకూడదు" అంది. తెల్లటి నూలు దారంతో అల్లిన టోపీ. అంచున గవ్వలు పేర్చినట్టు అల్లిక, గడ్డం కింద ముడేసుకోడానికి రెండు గొలుసు తాళ్ళు. చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ పిల్లని చూసి, తర్వాత టోపీని చూసేవాళ్ళు. "మీ చెయ్యే చెయ్యండి" అనేవాళ్ళు. అమ్మ నవ్వి ఊరుకునేది.

ఆ దారం ఎక్కడిదో ఇంట్లో అమ్మకీ నాకూ మాత్రమే తెలుసు.

నర్సాపురం నుంచి వసిష్ఠ గోదావరి దాటి మావైపు వచ్చే దారం అది. సఖినేటిపల్లి రేవులో పంటు దిగిన సంచుల్లోంచి మా వీధి ఏజెంటు దగ్గరికి, అక్కణ్ణించి మా అరుగు మీదికి. ఆయన దారం తూచి ఇచ్చేవాడు, లేసు తూచి తీసుకునేవాడు. తరుగు కింద కాస్త వదిలేవాడు. ఆ కాస్తలోంచే అమ్మ బారెడూ రెండు బారలూ మిగిల్చి, ఉండ చుట్టి బియ్యం డబ్బా వెనక దాచేది. ఆ నెల తూకంలో తేడా వచ్చింది. ఆయన గట్టిగా ఏమీ అనలేదు, డబ్బుల్లో కోసుకున్నాడు. ఎంత కోశాడో అమ్మ ఇంతవరకూ చెప్పలేదు. ఆ టోపీని మాత్రం మా ఇంట్లో అందరం 'అమ్మమ్మ ఇచ్చిన కానుక' అనే అంటాం.

ఈ సంగతి నాకు మళ్ళీ గుర్తొచ్చింది హైదరాబాదులో ఒక లైబ్రరీలో కూచుని 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' చదువుతున్నప్పుడు. 1982లో లండన్‌లో జెడ్ ప్రెస్ వేసిన పుస్తకం. రాసింది మరియా మీస్, 2023లో చనిపోయిన జర్మన్ స్త్రీవాద సామాజిక శాస్త్రవేత్త. డెబ్భైల చివర్లో నర్సాపురం చుట్టుపక్కల ఊళ్ళలో తిరిగి, లేసు అల్లే ఆడవాళ్ళతో మాట్లాడి రాసింది. మా అమ్మమ్మ ఊరి మాటలు ఇంగ్లీషు పుస్తకంలో కనిపించడం నాకదే మొదలు. 'చేతిపని', 'అతుకుపని' అని మేం రోజూ అనుకునే మాటలకి అందులో విలువుంది. చేతిపని అంటే పువ్వులు అల్లడం, అతుకుపని అంటే ఆ పువ్వుల్ని కలపడం. ఒకరు పువ్వు అల్లితే ఇంకొకరు అతుకుతారు. పువ్వు అల్లిన మనిషికి తన పువ్వు ఏ దేశంలో ఏ బల్ల మీద పరుచుకుందో తెలీదు. అమ్మనడిగితే "ఫారిన్‌కి పోద్ది" అనేది. అంతే.

పుస్తకానికి ఉపశీర్షిక, భారతీయ గృహిణులు ప్రపంచ మార్కెట్టు కోసం ఉత్పత్తి చేస్తున్నారు, అని. పుస్తకం మొత్తం ఆ 'గృహిణులు' అన్న మాటలోనే ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు తెచ్చి, మతం మారిన దళిత స్త్రీలకి నేర్పిన పని ఇది. తర్వాత కాపు స్త్రీల చేతుల్లోకి వచ్చింది. గడప దాటకుండా చెయ్యగలిగిన పని కాబట్టి ఘోషా ఉన్న కులాలకి అది మర్యాదైన పనైంది. మగవాళ్ళు ఏజెంట్లయ్యారు, వ్యాపారులయ్యారు, ఎగుమతిదారులయ్యారు. అల్లేవాళ్ళు మాత్రం ఇంట్లో తీరిగ్గా కూచున్న ఆడవాళ్ళుగానే లెక్క. తీరిక వేళ చేసేదానికి కూలేమిటి? పొలం పనికి వెళ్ళే ఆడకూలికి వచ్చేదాంట్లో కూడా కొంతే వీళ్ళకి ముట్టేదని మీస్ లెక్కలు కట్టి చూపించింది. ఆడదాన్ని ముందు గృహిణి అని పిలిచి, ఆ పేరుతో ఆమె శ్రమని చవక చెయ్యడానికి ఆమె పెట్టిన పేరు 'హౌస్‌వైఫైజేషన్'. గృహిణీకరణ అనుకుందాం.

నాకు కళ్ళు తెరుచుకున్నట్టయింది. ఆ సంక్రాంతికి ఇంటికెళ్ళి అమ్మకి లెక్క చెప్పాను. రోజుకి ఎన్ని గంటలు, ఎన్ని పువ్వులు, గంటకి ఎంత పడుతోంది, చేనుకెళ్తే ఎంత వస్తుంది. అమ్మ సూది ఆపకుండా విని, "నేనేవన్నా కూలిదాన్నంటే? చేతిపని చేసుకుంటన్నాను" అంది. చాలా కోపంగా అంది. ఆ మాట వీధి గుమ్మం దగ్గర బియ్యం చెరుగుతున్న మనిషికి వినపడింది. ఆవిడ అమ్మకన్నా పెద్దది, పేటలోంచి వచ్చి మా ఇంట్లో పనులు చేసేది. ఆవిడ అమ్మని 'అమ్మగారూ' అనేది, అమ్మ ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచేది. చిన్నప్పుడు ఆవిడా లేసు అల్లిందట. మానేసి ఊడుపులకి పోయింది. "లేసుతో ఏం తింటావండీ" అని ఒక్క మాట అంది, చేట దులుపుకుంటూ.

మీస్ ఈ ఇద్దర్నీ చూసింది. పొలానికి పోయే దళిత స్త్రీ కంటే తక్కువ సంపాదిస్తూ కూడా, నీడపట్టున కూచుంటాం కాబట్టి తామే ఎక్కువ అనుకునే లేసు అల్లే స్త్రీల గురించి ఆమె రాసింది. మా అమ్మ కోపం ఆ పేజీలో ఉంది. నా తల్లి కులాన్ని నేను అంత దగ్గరగా ఇంకెక్కడా చదవలేదు. అందుకే ఆ పుస్తకం మీద నాకు గౌరవం ఎప్పటికీ తగ్గదు.

కానీ టోపీ? మీస్ చూపంతా మార్కెట్టుకి వెళ్ళే లేసు మీదే. ఉపశీర్షిక ముందే చెప్పింది కదా. ఇంట్లో ఉండిపోయే అల్లిక ఆమె ప్రశ్న కాదు. తప్పు పట్టడం లేదు, ఒక పుస్తకం అన్నీ చెయ్యక్కర్లేదు. అయితే ఆ టోపీని పక్కన పెట్టి చదివితే 'తీరిక' అన్న మాట ఇంకోలా కనిపిస్తుంది.

అల్లడం తెలియని వాళ్ళ కోసం కాస్త చెప్తాను. బల్ల మీద పరిచే గుండ్రటి డాయిలీ, పసిపిల్ల టోపీ, రెండూ ఒకేలా మొదలవుతాయి. ఆరు గొలుసులు వేసి ఉంగరంలా కలపాలి. ఆ ఉంగరంలో 12 పొడుగు కుట్లు. రెండో వరసలో ఒక్కో కుట్టులో రెండేసి, 24. మూడో వరసకి 36, ఆ తర్వాత 48. వరస వరసకీ ఇలా 12 పెంచుకుంటూ పోతే చక్రం నేల మీద బల్లపరుపుగా పరుచుకుంటుంది. అది డాయిలీ. అరచెయ్యంత వెడల్పయ్యాక పెంచడం ఆపేసి, ఉన్నన్ని కుట్లే వేసుకుంటూ పోతే అంచులు కిందికి వంగుతాయి, గిన్నెలా లోతు వస్తుంది. అది టోపీ. ఎక్కడ ఆపాలన్నది డాయిలీ విషయంలో ఏజెంటిచ్చిన శాంపిల్ చెప్తుంది. టోపీ విషయంలో పిల్ల తల చెప్తుంది. అమ్మ మధ్యమధ్యలో సూది తియ్యకుండానే తీసుకెళ్ళి నిద్రపోతున్న పిల్ల మాడు మీద పెట్టి చూసేది. ఆ ఒక్క వస్తువునే ఆమె మొదటి గొలుసు నుంచి చివరి ముడి దాకా తనే అల్లింది, తనే అతికింది, ఎవరి దగ్గరికి వెళ్తోందో తెలిసి అల్లింది. చేతిపనీ అతుకుపనీ అక్కడ విడిపోలేదు.

ఇక్కడ ఆగి, కానుక గొప్పది కూలి నీచమైంది అనెయ్యడం చాలా తేలిక. మన కథల్లో, కవితల్లో అమ్మ చేతి అల్లిక కనిపించగానే గొంతు తడి చేసుకోవడం అలవాటైపోయింది. విమల 'వంటిల్లు' కవితతో వంటింటిని ముద్దు చెయ్యడం మీద మనకి అనుమానం పుట్టింది కదా, అల్లిక మీద ఆ అనుమానం ఇంకా పుట్టలేదనిపిస్తుంది. రోజికా పార్కర్ 1984లో 'ది సబ్‌వర్సివ్ స్టిచ్' రాస్తూ, సూదిపని ఆడపిల్లని ఒద్దికగా తల వంచుకు కూచునేలా తయారు చేసే పనిముట్టూ అయిందీ, అదే సూదితో ఆమె తనకంటూ ఒక చోటు తీసుకోగలిగిందీ అంటుంది. ఈ రెండో సగాన్ని పట్టుకుని మొదటి సగాన్ని వదిలేస్తే, ఏజెంటు అన్న మాటే మనమూ అంటున్నట్టు: సరదాగా చేసుకుంటోంది కదా, అని.

అమ్మకి సరదా ఎప్పుడుంది? 1996 నవంబరు తుఫానుకి మా కొబ్బరి చెట్లు మొదలంటా పడిపోయాక ఇంట్లోకి పప్పూ ఉప్పూ తెచ్చింది ఆ 'తీరిక పనే'. కరెంటు లేని రాత్రుళ్ళు కిరసనాయిలు దీపం ముందు అల్లి అల్లి కళ్ళు పోగొట్టుకుంది. 2019లో దేశమంతా చేసిన కాల వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు అందుకు రోజుకి 299 నిమిషాలు పెడుతుంటే చేసే మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. ఆ అయిదు గంటలు పోగా మిగిలింది లేసుకి. లేసు పోగా మిగిలింది టోపీకి. దారం తరుగులోంచి వచ్చినట్టే టైము కూడా తరుగులోంచే వచ్చింది.

2017 జనవరి 21న వాషింగ్టన్‌లో, ఇంకా ఎన్నో ఊళ్ళలో, ఆడవాళ్ళు పిల్లి చెవుల గులాబీ టోపీలు పెట్టుకుని వీధుల్లోకి వచ్చిన ఫొటోలు మీరూ చూసే ఉంటారు. చేతులతో అల్లుకున్న టోపీలు. రాలేనివాళ్ళు అల్లి ముక్కూ మొహం తెలియనివాళ్ళకి పంపారు. ఆ గులాబీ రంగు ఎవరి ఒంటిని గుర్తు చేస్తోంది, ఎవరిని బయట పెడుతోంది అని నల్లజాతి స్త్రీలూ ట్రాన్స్ స్త్రీలూ అడిగారు. సరైన ప్రశ్నే. నాకు ఇంకో ప్రశ్న కూడా వచ్చింది. అక్కడ తీరిక ఉన్నవాళ్ళు తీరికని తీసుకొచ్చి రాజకీయం చేశారు. బాగుంది. మా అరుగుల మీద మాత్రం 'తీరిక' అన్నది కూలి ఎగ్గొట్టడానికి ఇంకొకళ్ళు మాకు పెట్టిన పేరు. ఒకే సూది, ఒకే గొలుసు కుట్టు. తన కోసం ఒక టోపీ అల్లుకోవాలంటే ముందు తనదనే గంట ఒకటుండాలి.

ఆలిస్ వాకర్ 1973లో రాసిన 'ఎవ్రీడే యూజ్' కథలో బొంతల గొడవ ఉంది. చదువుకున్న పెద్దకూతురు వచ్చి అమ్మమ్మ కుట్టిన బొంతల్ని గోడకి వేలాడదీస్తానంటుంది. తల్లి వాటిని, రోజూ కప్పుకునే చిన్నకూతురికి ఇచ్చేస్తుంది. ఆ కథ చదివినప్పుడల్లా నేను చిన్నకూతురి పక్షం అనుకునేదాన్ని. మొన్నమొన్ననే తెలిసింది నేను పెద్దదాన్నని. హైదరాబాదులో నా స్నేహితులు అమ్మ అల్లిన టోపీ చూసి, ఇరవై కావాలి, ఎంతైనా ఇస్తాం అన్నారు. ఫోన్ చేసి ఉత్సాహంగా చెప్పాను. ధర ఎంత చెప్పమంటావమ్మా అంటే అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎవరి తలకే?" అంది. నా దగ్గర కొలతలు లేవు. స్మాల్, మీడియం అన్నాను. "అయితే శాంపిలు పంపు" అంది, సరిగ్గా ఏజెంటుతో మాట్లాడే గొంతుతో.

అది చీత్కారమో ఒప్పుకోవడమో నాకు అర్థం కాలేదు. అల్లింది మాత్రం. ఈసారి లెక్క నేను రాశాను, గంటలతో సహా. డబ్బు చేతిలో పెడితే తీసుకుంది. చీర కొంగున ముడేసుకుంది. "కూలా ఇది?" అని నేను అడగలేదు, ఆవిడా అనలేదు.

2024లో నర్సాపూర్ క్రోషే లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. గోదావరికి అటు నర్సాపురం, పాలకొల్లుల్లోనూ, ఇటు మా రాజోలు, అమలాపురం వైపూ అల్లే లేసుకి ఇక ఆ పేరు చట్టప్రకారం రక్ష. పేపర్లో వార్త చూసి సంతోషించాను. కానీ ఆ చట్టం కాపాడేది వస్తువు పేరుని. పువ్వుకి ఎంతివ్వాలో అది చెప్పదు. ఇంటి నుంచి పని చేసేవాళ్ళకి మిగతా కార్మికులతో సమానంగా హక్కులుండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే 177వ ఒడంబడిక చేసింది. సేవ లాంటి సంఘాల పోరాటం వెనకుండి వచ్చిన ఒడంబడిక అది. మన దేశం దాన్ని ఇప్పటిదాకా ధ్రువీకరించలేదు. మీస్ పుస్తకం వచ్చి నలభై ఏళ్ళు దాటింది, ఆ పుస్తకం అడిగినది ఇంకా అడగాల్సిందే. దాంతోపాటు టోపీ గురించి కూడా ఎవరైనా రాయాలి: తరుగులోంచి తీసిన దారాన్ని దొంగతనం అనాలా, బకాయి వసూలు అనాలా? నేనైతే బకాయే అంటాను.

మొన్న పుష్యంలో ఇంటికెళ్ళాను. తెల్లవారుజామున మంచు బాగా పడుతోంది. అమ్మ చెవులకి తువ్వాలు చుట్టుకుని పొయ్యి దగ్గర కూచుంది. ఇన్నేళ్ళలో ఎంతమంది పిల్లలకి అల్లి ఉంటావమ్మా అంటే వేళ్ళు మడిచి లెక్కపెట్టి, మధ్యలో మర్చిపోయి మళ్ళీ మొదలుపెట్టింది. మరి నీకోటి అల్లుకోలేదేం అన్నాను. "నా తల నాకు కనపడదు కదే, కొలత ఎట్టా తీస్తాను" అంది. నేను ఉండ తెచ్చుకుని పక్కన కూచున్నాను. ఆరు గొలుసుల దాకా బాగానే వచ్చింది. రెండో వరసలో 24 రావాల్సింది 22 వచ్చాయి. అమ్మ లాక్కుని విప్పేసి, మళ్ళీ నా చేతిలోనే పెట్టింది.