అభయం ఎవరికి?

నల్లమల మీద వచ్చే రాతల్లో పులి ఉంటుంది, లోయ ఉంటుంది, కృష్ణమ్మ ఉంటుంది. చెంచు కనిపిస్తే దారి చూపేవాడిగానో, జాలి పడదగినవాడిగానో కనిపిస్తాడు. అడవి ఎరిగినవాడిగా కనిపించడం అరుదు. మా అభ్యంతరం అక్కడే.

'అభయారణ్యం' అన్న మాటనే తీసుకోండి. 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం అడవి పులుల అభయారణ్యం అయింది. పులికి అభయం దొరికితే మంచిదే, పులి లేని అడవిని మేమూ కోరుకోం. కానీ పెంటల్లో ఉన్నవాళ్లకు ఆ మాట 'లేచిపోండి' అని వినబడింది. మైదానంలో పెంట అంటే చెత్తకుప్ప. చెంచుకు అది ఊరు. ఈ ఒక్క మాట దగ్గరే రాసినవాళ్లు ఎటు నిలబడ్డారో తెలిసిపోతుంది.

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ముందు హక్కులు గుర్తించాలి. మనుషులూ మృగాలూ కలిసి బతకలేరని తేలాలి. గ్రామసభ ఒప్పుకోవాలి. ఆ తర్వాతే తరలింపు మాట. ఆ రాతల్లో ఇదెక్కడ? కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల్లో సోలిగలకు 2011లో పులుల అడవిలోనే సామూహిక హక్కులొచ్చాయి. ఆ సంగతి మన పిల్లల్లో ఎందరికి చెప్పాం?

2019లో అమ్రాబాద్‌లో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా సరేనంది. తేనెకు పోయే చెంచు అడవికి చేటట, బోర్లు వేసే యంత్రం కాదట! జనం కదిలాకే ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానించింది.

పంతుళ్లూ, జీవవైవిధ్యం పాఠం చెప్పేరోజు పెంట నుంచి వచ్చిన పిల్లను ముందు మాట్లాడనివ్వండి. తేనెపట్టులో ఎంత కోస్తారో, ఎంత వదులుతారో ఆమెను అడగండి.